భీమమ్మ పెట్టిన పేరు

మా మనవరాలు మనస్విని కర్నూలు కాలేజీ నుంచి వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా మొదలుపెట్టింది.

"నాయనా, నువ్వు పేరు మార్సుకోవల్ల."

నా కొడుకు పేరు బజారి. ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. నోరేసుకుని వీధికెక్కే మనిషిని మా దిక్కు ఆ మాటతోనే తిడతారు. ఆడమనిషిని అంటే ఇంకా నీచం. తండ్రి పేరు చదివినప్పుడల్లా క్లాసులో పిల్లలు నవ్వుతున్నారట.

"మార్కెట్లో ఎవురూ నగరు గదమ్మా! ఆడ బజారి అంటే మనోడు అని," అన్నాడు వాడు.

"ఆడ సరే. నా సర్టిఫికెట్ల మీద?"

వాడు మర్నాడే హరికృష్ణ అని మార్చుకోవడానికి కాగితం రాయించుకొచ్చాడు. సంతకం ఒక్కటే తక్కువ.

"పెట్టినామెను అడక్కుండా మార్సగూడదప్పా," అన్నాను.

"పెట్టింది నువ్వు గాదా?"

కాదు. నలభై రెండేళ్లు దాచిన మాట అప్పుడు చెప్పాను. వాడికి ముందు ముగ్గురు బిడ్డలు ఉయ్యాల్లోనే పోయారు. వీడు పుట్టిన పదకొండో రోజున చేటలో పడుకోబెట్టి, బజారులో వదిలి, వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఎవరు ఎత్తుకుంటే బిడ్డ వాళ్లది. దోసెడు కొర్రలిచ్చి కొనుక్కుని, పేరు పెట్టి, సాకమని మళ్లీ తల్లికే ఇస్తారు. బజారులో దొరికినవాణ్ణి చావు కూడా చిన్నచూపు చూసి వదిలేస్తుందని మా నమ్మకం. ఎత్తుకున్నది భీమమ్మ, పత్తిలో చెత్త ఏరే కూలిమనిషి. కూలి తగ్గిస్తే ఎంత పెద్ద సేటునైనా నడివీధిలో నిలబెట్టి అడిగేది. అందుకే ఆమెనూ బజారిదనేవారు.

ఏటా దసరాకు దేవరగట్టు జాతరకు పోతూ వాడికి చొక్కా తెచ్చేది. వాడికి ఐదేళ్లు వచ్చాక నేనే ఆమెను గడప తొక్కవద్దన్నాను.

"బతికుందా?" అన్నాడు కొడుకు.

"ఎమ్మిగనూరులో ఉందంట."

ముగ్గురం బస్సెక్కి పోయాం. భీమమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది, వాణ్ణి చూసి వలవడం ఆపింది.

"ఎందుకు రావద్దంటివి?" అని నన్నే అడిగింది.

"నీ మాదిరి నోరున్న మనిషి మా ఇంటికొస్తే నలుగురూ ఏమనుకుంటారో అని సిగ్గుపడితి," అన్నాను, నా కొడుకూ మనవరాలూ వింటుండగా.

ఆమె వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కాగితం సంగతి విన్నది.

"మార్సుకో నాయనా. నువ్వు బతకాలని పెట్టినా. బతికితివి. ఇంగ దాని పనైపాయ."

"వద్దులేమ్మా, ఉండనీ," అని వాడు కాగితం మడిచాడు.

"వద్దులే అవ్వా," అంది మనస్విని కూడా, తలవంచుకుని.

అప్పుడు లేచింది భీమమ్మ గొంతు. "ఏమిరా, సెప్తే ఇనవా? సదువుకునే పిల్లను నగులాటకు పెడతావా? నన్ను ఊరంతా బజారిదన్న్యారు, సాలదా? ఎయ్‌రా సంతకం!"

చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు తొంగి చూశారు. వాడు ఏడుస్తూనే సంతకం పెట్టాడు. ఆమె మనస్విని చేతిలో చిక్కుడుకాయల గిన్నె పెట్టి, అన్నం తిని పొమ్మంది.

వాళ్లిద్దరూ లోపలికి పోతే నేను గడప బయటే నిలబడ్డాను. లోపలికి రమ్మని నన్ను పిలవలేదు. పిలుస్తుందని నేనూ అనుకోలేదు.