ఆమోసు గోడకెక్కించిన గుర్రాలు

అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని తెలుగు చర్చిలో గోడ గడియారం కింద ‘సమర్పణ: రాజారావు కుటుంబం’ అని బంగారు రంగు అక్షరాలుంటాయి. ప్రసంగం సాగినకొద్దీ జనం టైము చూస్తారు, టైముతోపాటు ఆ పేరూ చూస్తారు. మూడేళ్లుగా ఆ గడియారం ఆమోసు గుండెల్లోనే టిక్కుమంటోంది. పరలోకంలో పేరు సంగతి తర్వాత, ముందు ఏదో ఒక గోడ మీద తన పేరు పడాలి.

2011 వేసవిలో ఒక ముసలావిడ ఇంటి సామాను అమ్మేస్తుంటే ఆయనకో బొమ్మ దొరికింది. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన, బైబిల్లోని ప్రకటన గ్రంథపు దర్శనం: నలుగురు రౌతులు, ఆ గుర్రాల కాళ్ల కింద రాజులూ గురువులూ పచ్చడి. చెక్కినవాడు నాలుగున్నర శతాబ్దాల కిందటే లోకం నుంచి చెక్కేశాడు. ఈ అచ్చు తనకు అచ్చొచ్చిందనుకుని, ఆమోసు ఫోటో తీసి మ్యూజియానికి పంపాడు.

జవాబు వచ్చింది. ‘అసలుదే అనిపిస్తోంది. శనివారం తీసుకురండి. నిజమైతే, దాతగా మీ పేరుతో గోడకు పెడతాం. అప్పటిదాకా తేమ తగలనీయకండి, చేతులు పడనీయకండి.’

పదో తరగతి మార్కుల లిస్టు దగ్గర్నుంచి పెళ్లి సర్టిఫికెట్ దాకా ప్లాస్టిక్‌లో సమాధి చేస్తే గానీ నిద్రపట్టకపోవడం తెలుగువాడి తెగులు. గురువారం ఆఫీసు కాగానే ఆమోసు కాపీల షాపుకెళ్లి బొమ్మకు లామినేషన్ చేయించుకొచ్చాడు.

భార్య వసంతకుమారి తెల్లబోయింది. “ఏవండీ, వాళ్లనొక మాట అడగాల్సింది కదా?”

“అడిగేదేముంది? ఫార్మాలో క్వాలిటీ చూసేవాణ్ణి, ప్రొటెక్షన్ గురించి నాకా చెప్తావు? స్విమ్మింగ్ పూల్లో పడేసినా ఏం కాదు!”

శనివారం కళ్లారా చూసి కుళ్లమని రాజారావునీ వెంటబెట్టుకెళ్లాడు. మ్యూజియం ఆవిడ తెల్ల గ్లౌజులు తొడుక్కుంది. సంచి తెరిచింది. గ్లౌజులు విప్పేసింది.

“గురువారమే లామినేషన్ చేయించాను. అసలుదేనా మేడమ్?”

“బుధవారం దాకా అసలుదే” అందావిడ. వేడికి జిగురు కరిగి కాగితంలోకి ఇంకిపోయిందట. ప్లాస్టిక్ లాగితే గుర్రాలూ దాంతోపాటే వస్తాయట. యుద్ధాలకూ ఎలకలకూ చావని బొమ్మ క్వాలిటీ చేతిలో చచ్చింది.

కారెక్కాక రాజారావు నోరు విప్పాడు. “ప్రకటన గ్రంథంలో ఏడు ముద్రలు గొర్రెపిల్ల విప్పింది సరే బ్రదర్, మీరేసిన ఎనిమిదోది ఎవరు విప్పుతారు? అది లామినేషన్ కాదు, లామెంటేషన్. ఇంటికెళ్లి విలాపవాక్యాలు చదువుకోండి.”

ఆమోసు విలపించలేదు. మ్యూజియం పోతే చర్చి ఉందిగా! బొమ్మ పట్టుకుని పాస్టర్‌గారి మీద పడ్డాడు. పిల్లలు జడుసుకుంటారని అయ్యగారు లోపల వద్దన్నారు. చివరికి భోజనాల హాల్లో, కూరల ట్రేలు పెట్టే బల్ల వెనక మేకు దిగింది. బొమ్మ కింద ‘సమర్పణ: ఆమోసు కుటుంబం’ అని అతికించారు, రాజారావు అక్షరాలకన్నా అంగుళం పెద్దవి.

మొదటి ఆదివారమే ఎవరిదో గరిటె జారి, మృత్యువు ఎక్కిన గుర్రం మీద కోడికూర చిందింది. రాజారావు తడి పేపర్ టవల్‌తో ఒక్క తుడుపు తుడిచాడు. గుర్రం తళతళలాడింది.

“లోకంలో ఏ మ్యూజియంలోనైనా ఇలా తుడవనిస్తారా బ్రదర్?” అని రాజారావు పగలబడి నవ్వాడు. హాలంతా నవ్వింది. వసంతకుమారి ప్లేటు తీసుకుని ఆ మూల బల్లకు వెళ్లిపోయింది.

ఆమోసు ఛాతీ విరుచుకున్నాడు. “అందుకే కదా చేయించింది!” అని, బొమ్మ కిందికి వంగి, తన పేరులోని మొదటి అక్షరం మీద మసాలా చుక్క చూశాడు.

“ఇక్కడ కూడా బ్రదర్” అన్నాడు, “ఇక్కడ కూడా కాస్త తుడవండి.”