మేజోడులో దాచిన ఎక్స్‌టెండర్

ఆ ఫ్లాస్కు మూత బిగించడంలో ఒక కిటుకుంది. ముందు ఎడమకి కాస్త తిప్పి, టక్కుమని చప్పుడయ్యాక కుడికి బిగించాలి. లేకపోతే కారుతుంది. ఆ సంగతి ఇంట్లో ఆవిడొక్కదానికే తెలుసు. ఎందుకంటే టీ పోసేదీ ఆవిడే, బిగించేదీ ఆవిడే, కారితే తుడిచేదీ ఆవిడే.

ఆయన సర్వేయరుగా, ఆవిడ పిల్లల ఆసుపత్రిలో నర్సుగా ఒకే ఏడాది రిటైరయ్యారు. ఆయన పనిలోంచి విశ్రాంతిలోకి వెళ్తే, ఆవిడ ఒక పనిలోంచి మిగిలిన పనిలోకి వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆయనకి పక్షుల ఫోటోల పిచ్చి పట్టుకుంది. మోచేయంత పొడుగు లెన్సు కొన్నాడు, ఫోటోల క్లబ్బులో చేరాడు. వారానికి రెండుసార్లు తెల్లారేసరికి ఊరి చివర చిత్తడి నేలల దగ్గర ఉండాలి. స్టాండు మోయడం, అద్దం తుడవడం, ఏ పక్షి ఏ రెల్లుపొద వెనక ఉందో వేలెత్తి చూపించడం, చూపించాక ఊపిరి కూడా వినపడకుండా నిలబడటం ఆవిడ వంతు. మీట నొక్కడం ఆయన వంతు. "మా ఆవిడకి చూపుంది, నాకు దృష్టి ఉంది" అని క్లబ్బు వాళ్ల ముందు అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నవ్వి, కప్పులు తీసుకెళ్లి కడిగేది.

ఎక్స్‌టెండర్ కూడా ఆయన కొన్నదే. గుప్పిట్లో పట్టే నల్లటి గుండ్రటి వస్తువు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే దూరాన ఉన్నది రెండింతలు దగ్గరవుతుంది. కానీ వెలుతురు తగ్గిపోతుంది, బొమ్మ ఓ పట్టాన కుదురుకోదు, గుండె కొట్టుకున్నా ఫోటో కదిలిపోతుంది. మొదటిరోజే నలభై ఫోటోలు అలుక్కుపోయేసరికి ఆయనకి ఒళ్లు మండింది. ఇది చేతకానివాళ్ల సాధనమనీ, దమ్మున్నవాడు దగ్గరికెళ్లి తీస్తాడనీ తేల్చేసి దాన్ని అవతల పారేశాడు. ఆవిడ తీసి, జత పోయిన ఉన్ని మేజోడులో పెట్టి, బ్యాగు అడుగున దాచింది.

ఆ తర్వాత ఆయన పక్షుల దగ్గరికెళ్లడం మొదలుపెట్టాడు. వంగి వంగి, దొంగలా నడిచి, ఇంకో పదడుగులు, ఇంకో అయిదడుగులు. అంతే, పక్షి లేచిపోయేది. ఆయన విసుక్కునేవాడు. ఆవిడ మాత్రం ప్రతిసారీ అది పోయిన వైపే చూస్తుండిపోయేది. పోవడం అంటేనే ఆవిడకి పడదు. ఎవరు బయటికెళ్తున్నా వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడుతుంది. చెల్లెలు రైలు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏదో చెప్పింది, చప్పుడులో వినపడలేదు, వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకుంది. చెల్లెలు మళ్లీ రాలేదు. ఆసుపత్రిలో పొద్దున తను సూది వేసిన పసిబిడ్డ మధ్యాహ్నానికి మంచం మీద ఉండేది కాదు. ఇంటికెళ్లిందా, ఇంకెక్కడికైనా వెళ్లిందా అని అడగకపోవడం మెల్లగా అలవాటు చేసుకుంది. "సూది గుచ్చడం కూడా ఒక విద్యేనా" అని పాతికేళ్లు దెప్పిన అత్తగారు పోతే కూడా మూడురోజులు అన్నం సయించలేదు. ఇన్ని చూసిన మనిషికి, ఎదుటిదాన్ని బెదరగొట్టకుండా, ఉన్నచోటి నుంచే దగ్గరగా చూసే ఉపాయం ఒకటుందని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆ ఉపాయం బ్యాగు అడుగున ఉందని తెలిసీ ఎన్నాళ్లు ఊరుకుంటుంది?

ఆరోజు ఆయన చిన్న కెమెరా పట్టుకుని గట్టు చుట్టూ తిరిగి కొంగల వైపు వెళ్లాడు. పెద్ద కెమెరాని స్టాండు మీదే వదిలి, చూస్తూ ఉండమన్నాడు. ఆవిడ చూస్తూ ఉంది. ఎక్కడో నీళ్ల మధ్య, చుక్కంత, ఒక మునుగుడు కోడి కనిపించింది. వీపు మీద ఏదో ఉంది. ఆవిడ మేజోడు విప్పింది. ఎక్స్‌టెండర్ బిగించి కన్ను ఆనించేసరికి ఆ చుక్క కాస్తా తల్లీ పిల్లా అయింది. పిల్ల తల్లి రెక్కల మధ్య దర్జాగా కూర్చుని ఉంది. పసిపిల్లల చేతిలో దారప్పోగంత నరం దొరికించుకునేటప్పుడు ఏం చేసేదో ఇప్పుడూ అదే చేసింది. ఊపిరి సగం వదిలి, మిగతా సగం అలాగే ఆపి, వేళ్లతో కటకాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ పోయింది. అప్పుడు తల్లి ఒక్కసారి నీళ్ల మీద నిటారుగా లేచి రెక్కలు దులిపింది. పిల్ల జారి నీళ్లలో పడింది. ఆవిడ వేలు మాత్రం తొణక్కుండా మీట నొక్కింది. పిల్ల మునగలేదు. బెండుముక్కలా పైకి తేలి, కోపంగా తల్లి చుట్టూ ఈదింది. ఆవిడకి ఎందుకో నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన వచ్చేలోపు ఎక్స్‌టెండర్ మేజోడులోకి చేరిపోయింది.

సాయంత్రం ఆయన రెండు కెమెరాల ఫోటోలూ కలిపి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటూ ఒకదాని దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. వంటింట్లోకి కేకేసి, దగ్గరికెళ్లి ఓపిక పడితే ఫలితం ఇలా ఉంటుందన్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. చెబుదామనుకుంది. ఆయన ముఖంలో దొంగతనం లేదు. దొంగతనమైతే నిలదీయొచ్చు. ఆ మీట మీద ఇంకో వేలు పడి ఉంటుందన్న అనుమానమే రాని మనిషికి ఏమని చెప్పాలి? కూర అడుగంటుతోందని లోపలికెళ్లిపోయింది.

క్లబ్బు ప్రదర్శనకి ఆ ఫోటోనే ఎంపికైంది. క్లబ్బు కార్యదర్శి పళ్ల డాక్టరు, నెమ్మదస్తురాలు. ఫోటో కింద పెట్టే కార్డు రాసుకోవడానికి స్వయంగా ఇంటికొచ్చింది. తీసింది ఎవరు, ఏ లెన్సు, ఎంత దూరం నుంచి, అన్నీ రాయాలి. తప్పు రాస్తే ప్రదర్శన నుంచి తీసేస్తారు, అది వాళ్ల నియమం. ఆయన కాలు మీద కాలేసుకుని, ఎక్స్‌టెండర్ వాడలేదని మరీమరీ రాయమన్నాడు. డాక్టరమ్మ కంప్యూటర్ వైపు వంగి చూసింది. ఫోటో తీసినప్పటి లెక్కలన్నీ కెమెరా దానంతటదే రాసిపెట్టుకుంటుంది కదా.

"ఇక్కడ లెన్సు వెయ్యి మిల్లీమీటర్లని ఉంది సార్. మీ లెన్సు అయిదొందలదే కదా. ఎక్స్‌టెండర్ పెడితేనే వెయ్యి చూపిస్తుంది."

ఆయన కెమెరాదే పొరపాటన్నాడు. తర్వాత రిపేరుకి ఇవ్వాలన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వేమైనా దీన్ని ముట్టుకున్నావా?"

పాలగిన్నె దగ్గర పిల్లిని అడిగినట్టు అడిగాడు. ఆవిడ నోటి దాకా ఒక మాట సిద్ధంగా వచ్చింది. మీరే పెట్టమన్నారు, మీరే మర్చిపోయారు. అలాంటి మాటలు వేల కొద్దీ ఆడి ఆయన్ని ఒడ్డున పడేసిన నోరది. ఆ మాట అంటే ఫోటో ఆయనదవుతుంది, పరువు నిలుస్తుంది, రాత్రి భోజనం ప్రశాంతంగా జరుగుతుంది. అనకపోతే? నలభై ఏళ్లుగా ఆవిడ భయం ఒక్కటే, ఏదైనా అంటే ఏదో పోతుందని. నీళ్లలో జారిన పిల్ల గుర్తొచ్చింది. ఆవిడ ట్రే బల్ల మీద పెట్టింది.

"ముట్టుకోవడం కాదండీ. తీశాను."

డాక్టరమ్మ కార్డు మీద రాసింది కొట్టేసి, కొత్త కార్డు తీసుకుని, పేరు ఎలా రాయమంటారమ్మా అని అడిగింది. ఆవిడ చెప్పింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఏదీ మింగకుండా, పూర్తి పేరు. తన గొంతులో తన పేరు విని ఎంత కాలమైందో అనుకుంది. ఆయన కిటికీ వైపు చూస్తూ చల్లారిన టీ తాగాడు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడకి భయం వేసింది, నిద్ర సరిగ్గా పట్టలేదు. ఏదీ మాత్రం పోలేదు. మూడోరోజు పొద్దున లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. ఆయన టీ కాచి ఫ్లాస్కులో పోస్తున్నాడు. ఆవిడని చూడకుండానే, ఆ మేజోడు ఎక్కడుందని అడిగాడు. బ్యాగు అడుగున అంది.

చిత్తడి నేల దగ్గర ఆవిడ స్టాండు ముందు కూర్చుంది. దూరాన తెల్లకొంగ. ఆయనకి అలవాటు ప్రకారం కాళ్లు దురదపెట్టాయి, దాని దగ్గరికెళ్లబోయాడు.

"ఇక్కడే కూర్చోండి" అంది కన్ను తియ్యకుండా.

కూర్చున్నాడు. కాసేపటికి వెనక నుంచి టీ వాసన గుప్పుమంది. మూత సరిగ్గా పడక ఫ్లాస్కు బ్యాగంతా కారిపోయింది. ఆయన కంగారుగా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఊపిరి సగం వదిలి, సగం ఆపి ఉంది. కొంగ రెక్క విప్పింది. ఆవిడ మీట నొక్కింది. అది ఎగిరి కనుమరుగయ్యేదాకా స్థిమితంగా చూసింది. అప్పుడు కూడా లేవలేదు.

"తువ్వాలు కుడివైపు జేబులో ఉంది" అని మాత్రం చెప్పింది.