పదిహేడో జత చేతులు

ఇంట్లో చేస్తున్న బొమ్మచేతికి బొటనవేలిలో తప్పు లేదు, తప్పంతా చూపుడువేలి రెండో కణుపులోనే ఉంది, అక్కడ గోరంత మట్టి ఎక్కువ ఉండిపోయింది అనుకుంటూ అతను ఎవరిదో కింది దవడ అచ్చు మీద మైనంలో పన్ను తర్వాత పన్ను గుచ్చుతున్నాడు. కట్టుడుపళ్ళు చేసే ఆ గదిలో అతనికిది ఇరవై ఆరో ఏడు. ఎవరి ముఖమూ చూడడు. నోళ్ళ అచ్చులు వస్తాయి, పళ్ళు వెళ్ళిపోతాయి.

"ఇక్కడ పళ్ళు చాలక ఇంటికెళ్ళి కాళ్ళూ చేతులూ చేస్తున్నాడు. ఇంకో ఏడాదికి పెళ్ళికూతుర్ని కూడా చేసేసుకుంటాడు" అన్నాడు పక్కబల్ల మనిషి. అందరితో పాటు అతనూ నవ్వాడు. పాత హాస్యమే. నవ్వేస్తే తొందరగా అయిపోతుంది.

బొమ్మల పని అతనికెవరూ నేర్పలేదు. కీలు దగ్గర ఒక గుండు, అది కూర్చునే గుంత, బోలుగా ఉన్న ఒంట్లోంచి బిగించిన రబ్బరు తాడు, ఇంతే కదా అనుకున్నాడు. మొదటి బొమ్మకు మట్టి ఆరి కుంచించుకుపోయి మెడమీద తల నిలవలేదు. రెండోదానికి తాడు మరీ బిగించాడు. కూర్చోబెట్టగానే అది కాలు విసిరి అక్క మంచినీళ్ళ గ్లాసు తన్నేసింది. "నీకంటే దీనికే రోషముందిరా" అని మంచంలోని అక్క దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఆ నవ్వులోనే అడిగింది, తన పాత చేతులున్న ఒక బొమ్మ చేసిపెట్టమని. కీళ్ళు వాచి వంకర్లు పోకముందటి చేతులు. ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ కుట్టి అతన్ని పెంచిన చేతులు.

అదెంత పని అనుకున్నాడు. మట్టి ముందేసుకున్నాక తెలిసింది, అవి అతనికి గుర్తు లేవు. కుట్టుమిషను గుర్తుంది, సూది కింద జరిగే గుడ్డ గుర్తుంది, గుమ్మం దగ్గర అందించిన పుస్తకాల సంచి గుర్తుంది. చేతులే లేవు. ఫొటోల్లో అవెప్పుడూ అతని భుజాల వెనకే ఉన్నాయి. చేసేదిలేక ఎదుట ఉన్నవి చూసి మొదటి జత చేశాడు, కణుపుల వాపులతో సహా, అచ్చుగుద్దినట్టు. ఆమె చూసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజునుంచి దుప్పటిలోంచి చేతులు బయటికి తీయలేదు. ఆ తర్వాత పదిహేను జతలు. ప్రతిసారీ కళ్ళజోడు పెట్టించుకుని, చాలాసేపు చూసి, "ఎవరివోరా ఇవి" అనేది.

పదిహేడో జతకు వచ్చిన ఆ రోజు కట్టుడుపళ్ళ గదిలో ఒంటిపూటే పని. ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురై, పొద్దుట్నుంచి అక్క గుక్కెడు పాలు కూడా మింగలేదని చెప్పి వెళ్ళింది. అతను కిటికీ దగ్గర నిలబడి చూపుడువేలి కణుపును గరుకు కాగితంతో అరగదీసి, నోటితో పొడి ఊది, చేతులు రెండూ ఆమె ముందు పట్టాడు.

"అక్కా, పదిహేడోది."

ఆమె చూసింది. కళ్ళజోడు అడగలేదు.

"ఇవేరా నావి" అంది. "ఇంక వదిలెయ్, నాన్నా."

కళ్ళజోడు లేకపోతే ఆమెకు అతని ముఖమే ఆనదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను తలూపి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

బొమ్మకు ఒక చెయ్యి రబ్బరు తాడు చివరి కొక్కేనికి తగిలించి, తాడును ఎదలోంచి రెండో మణికట్టు బయటికి లాగాడు. రెండో చెయ్యి తగిలించేలోపు వదిలితే తాడు లోపలికి లాక్కుపోతుంది, రెక్కలు రెండూ ఊడిపోతాయి.

"కూర్చోబెడతాను, చూడు" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"ఊఁ" రాలేదు. ఎంత జ్వరంలోనైనా అక్క "ఊఁ" అనేది.

తిరిగి చూశాడు. ఎద మీద దుప్పటి కదలడం లేదు. అతను తాడు వదల్లేదు. అదొక్కటీ పట్టుకుని ఉంటే ఇంకా ఏమీ కానట్టే అన్నట్టు, వేళ్ళు తెల్లబడేదాకా నిలబడ్డాడు. ఎండ బల్ల మీంచి నేలకు జారింది.

చివరికి వదిలేశాడు. టప్పుమంది. మంచం పక్కన కూర్చుని, దుప్పటి తొలగించి, ఆమె కుడిచేతిని తన అరచేతిలోకి తీసుకుని ఒక్కో వేలే చూడడం మొదలుపెట్టాడు.

బల్ల మీద, ఎవరివీ కాని తిన్నని వేళ్ళతో, మట్టిచెయ్యి ఒకటి వెల్లకిలా పడి ఉంది.