బండి కింద ఉన్న మనిషి

పొద్దున లేస్తూనే జైపాల్ పెళ్లాన్ని అడిగే మొదటి మాట "గాసునూనె పోసినవా?" అన్నదే. తిన్నవా, పన్నవా అని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. తిరుమల అప్పటికే పోసి ఉంటుంది. వాకిలి ఊడ్చి, చాయకు నీళ్లు పెట్టి, అవి మరిగేలోపల క్వార్టరు పక్కన నిలబెట్టిన పాత అంబాసిడర్ కిందికి దూరి, గాసునూనెలో తడిపిన గుడ్డపీలికలు జంగు పట్టిన బోల్టులకు చుట్టి వస్తుంది. అత్త కనకవ్వ గడపలో కూర్చుని ఇదంతా చూసి, ఆ వాసన చేతులతోని నా బువ్వ ముట్టకు అంటుంది. అన్నం వండేది మాత్రం ఆ చేతులే.

ఆ బండి బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు వదిలించుకున్నది. బొగ్గు దుమ్మూ వానలూ కలిసి దాని కడుపును తినేశాయి. అయినా బొగ్గుబాయిలో కార్మికుల మీద ఉండే సర్దార్లలో, ఆ కాలనీలో కారున్నది జైపాల్ ఒక్కడికే. ఎవరికి దవాఖాన అవసరం వచ్చినా, ఎవరింట్లో పెండ్లి చూపులున్నా అతని వాకిట్లోకే వస్తారు. జైపాల్ చేతిలో పానా ఉంటే చచ్చిన బండి లేచి నడుస్తుందని గోదావరిఖనిలో పేరు. ఆ పేరు వెనక సంగతి ఆ ఇంటి గడప దాటలేదు. కొన్నేళ్ల కింద బాయిలో కప్పు నుంచి పెళ్ల ఊడి అతని కుడి భుజం మీద పడింది. పైకి మానింది గాని ఆ చెయ్యి భుజం దాటి లేవదు. బండి కింద వెల్లకిలా పడుకున్న మనిషికి చెయ్యి పైకి లేవకపోతే ఏం పని? ఈ సంగతి బయటపడితే సర్దార్ పని పోయి, బాయి పైన ఊడ్చే పనిలో వేస్తారని అతని భయం. అందుకని కిందికి తిరుమల పోతుంది. పక్కన స్టూలు మీద కూర్చుని అతను అది పట్టు, ఇది తిప్పు అంటాడు. గేటు చప్పుడైతే ఆమె బయటికి జారి వంటింట్లోకి పోవాలి, అతను పానా చేతిలోకి తీసుకోవాలి. ఇట్లా అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఎవరో వచ్చినప్పుడు "లోపలికి పో" అన్నాడు, అంతే.

ఎవరికీ చెప్పని మాట ఇంకొకటుంది. తిరుమలకు ఆ పని ఇష్టం. జంగు పట్టిన బోల్టును బలంతో తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. ముందు సుత్తెతో మెల్లగా తట్టాలి, ఇంకొంచెం బిగించినట్టు తిప్పాలి, ఆ తర్వాత వెనక్కి తిప్పాలి. మొరాయిస్తే మళ్లీ నూనె, మళ్లీ ఓపిక. ఇక రాదు అనుకున్న క్షణంలో కిర్రుమని కదులుతుంది చూడు, ఆ కదలిక మొదట ఆమె మణికట్టుకు తెలిసేది, ఆ తర్వాతే చెవికి. పెండ్లయిన ఇన్నేళ్లలో తను చేసిన పనిలో అయిపోయిందని తెలిసేది అదొక్కటే. కూర వండితే మళ్లీ వండాలి, బట్టలు ఉతికితే మళ్లీ ఉతకాలి. విప్పిన బోల్టు విప్పినట్టే ఉంటుంది. కింద ఆ ఇరుకులో, మొహం మీద తుప్పు రాలుతుంటే, ఆమె ఒక్కోసారి తనలో తాను నవ్వుకునేది.

తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె కట్టిన ఏడాది అది. బాయిలు బంద్, బస్సులు బంద్. జైపాల్ పొద్దంతా చౌరస్తా కాడ శిబిరంలో కూర్చుని, మా కష్టం మాది, దాని పేరు ఇంకొకడు చెప్పుకుంటే ఊరుకునేది లేదని మైకులో మాట్లాడేవాడు. ఆమె కూరగాయలకు పోయినప్పుడు ఆ మాట విన్నది. సంచి ఇంకో చేతికి మార్చుకుని ఇంటికొచ్చింది.

ఆ శిబిరంలోనే ఎల్లేశానికి మాటిచ్చి వచ్చాడు. ఎల్లేశం జైపాల్‌తో ఒకే షిఫ్టులో పనిచేసిన పాత మనిషి. బిడ్డకు కమాన్‌పూర్‌లో పిల్లగాణ్ని చూశారు, పోదామంటే బస్సులు లేవు. ఎల్లుండికి మా బండి తీసుకపోదువు అన్నాడు జైపాల్. బండికేమో వెనక ఇరుసు మీద బరువు మోసే కమాన్ పట్టీ విరిగి ఉంది. కొత్తది తెచ్చి నెల దాటింది. పాతదాన్ని ఇరుసుకు పట్టి ఉంచిన బోల్టులు రావడం లేదు.

మర్నాడు వాన వెలిసిన పూట పని మొదలుపెట్టారు. జాకీ మీద బండి లేపి, చక్రం ఊడదీశారు. తిరుమల పైట నడుముకు చెక్కుకుని, పైన అతని పాత అంగీ తొడుక్కుని చుట్టూ చూసింది. బండి కింద పెట్టే టేకు దిమ్మెలు కనబడలేదు.

"దిమ్మెలేవి?"

"శిబిరం కాడ స్టేజి కింద పెట్టినం."

"మరి జాకీ ఒక్కదాని మీదనా?"

"ఎంతసేపు పనే? జల్ది కానియ్. బండి చూస్తనని ఎల్లేశం వచ్చే టైమయ్యింది."

ఇట్లా అన్నవాడు బాయిలో సర్దార్. కట్టెతో కప్పును తట్టి, చప్పుడు విని, సపోర్టు పెట్టనిదే ఒక్క కార్మికుణ్ని ముందుకు పోనివ్వని మనిషి. సపోర్టు లేని కప్పు కింద అడుగు పెట్టినోడు తల్లికి కొడుకు కాదు అని కొత్తవాళ్లను తిట్టిన తిట్లు ఇంటికొచ్చి గర్వంగా చెప్పేవాడు. పోయినేడు రక్షణ వారోత్సవాల్లో అతనికి శాలువా కప్పారు. ఆ శాలువా ఉతికి మడత పెట్టింది తిరుమలే. ఇప్పుడు తడి నేల మీద జాకీని చూసి ఆమె జంకింది. అయినా మాట పెంచలేదు. ఊడదీసిన చక్రాన్ని బండి అంచు కిందికి పడుకోబెట్టి తోసి, తనూ దూరింది.

మూడు నట్లు వచ్చాయి. నాలుగోది రాలేదు. పానాకు పైపు తొడిగి, కాలు ఇరుసుకు తన్నిపెట్టి లాగింది. బండి ఊగింది. తడి మట్టిలో జాకీ ఒక పక్కకు ఒరిగింది. ఆమెకు గుర్తున్నది వెలుతురు పోవడం ఒక్కటే. ఇనుము అంతా ఒక్కసారి కిందికి వచ్చి, ఆ పడుకోబెట్టిన చక్రం మీద ధబ్బున కూర్చుంది. ఆమె ఛాతీకీ ఇనుముకూ మధ్య జానెడు జాగా మిగిలింది. అంగీ చిరిగింది, భుజం తోలు లేచింది. మోచేతుల మీద పాకుతూ తనే బయటికొచ్చింది.

జైపాల్ మొహంలో నెత్తురు లేదు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. తన పేరు పిలుస్తాడనుకుంది తిరుమల. చప్పుడుకు పక్క క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి.

"లోపలికి పో. చీర మార్చుకో," అన్నాడు.

ఆమె పోయింది. కాళ్లకు అలవాటు. చీర మార్చుకుని వచ్చేసరికి వాకిలి నిండా మనుషులు. జైపాల్ స్టూలు మీద కూర్చుని, వీపుకు మట్టి పూసుకుని చెప్తున్నాడు. ఎట్లా చక్రం ముందే పెట్టుకున్నాడో, ఎట్లా పాకి బయటపడ్డాడో, జానెడు జాగాలో ఊపిరి ఎట్లా ఆడలేదో. అన్నీ సరిగ్గా చెప్పాడు. కనకవ్వ ఏడుస్తూ ఉప్పు, ఎండుమిరపకాయలు కొడుకు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. చాయ పెట్టమని కోడలికి కేకేసింది.

తిరుమల చాయ తెచ్చింది. గ్లాసు అందుకుంటూ ఎల్లేశం, కండ్లు తుడుచుకుని, మర్యాదకు అడిగాడు. "చెల్లె, నువ్వెక్కడున్నవ్ అప్పుడు?"

"నేనే కిందున్న అన్నా."

ఎల్లేశం నవ్వాడు. మొగనికి దెబ్బ తగిలితే ఆడదానికి తనకు తగిలినట్టే ఉంటది అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా జైపాల్ నవ్వాడు.

ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఆమె ఒకటే ఆలోచించింది. చక్రం అడ్డం లేకపోతే ఏమయ్యేది? పోయేదాన్ని. అప్పుడైనా బండి కింద పోయిందని చెప్పేవాళ్లా? బండికి దీపం చూపిస్తుంటేనో, మొగనికి మంచినీళ్లు తెస్తుంటేనో మీద పడిందని చెప్పేవాళ్లు. చావు కూడా తన పేరు మీద ఉండేది కాదు. ఈ మాట తట్టినప్పుడు ఏడుపు రాలేదు. కుడి చెయ్యి మాత్రం, పానా పట్టుకున్నట్టు, ముడుచుకుపోయి ఎంతకీ విచ్చుకోలేదు.

తెల్లారి జైపాల్ తొందరగా లేచాడు. ఎల్లేశం బిడ్డ చూపులు ఆ రోజే. శిబిరం నుంచి దిమ్మెలు తెచ్చి, జాకీతో బండి మళ్లీ లేపి, తనే కింద పేర్చాడు. అది అతను కోరిన క్షమాపణ అని తిరుమలకు అర్థమైంది. గోడ పక్కన ఎల్లేశం, ఇంకో ఇద్దరు అప్పుడే వచ్చి నిలబడ్డారు, సర్దార్ పనితనం చూద్దామని. నాలుగో నట్టు ఇంకా బోల్టుకే ఉంది. దాన్ని తిప్పాలని ఆమె మణికట్టు పీకింది. ఇంకొక్క తిప్పు చాలు, కదులుతుంది. అది ఆమెకొక్కదానికే తెలుసు.

జైపాల్ వంటింటి కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వాళ్లను నేను హోటల్‌కు తోల్కపోత. మేమొచ్చేలోపట నువ్వు కిందికి దూరు."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాట పక్కన పెట్టలేదు.

"నేను పోను."

"మరి ఎవలు పోవాలె?"

తిరుమల తలెత్తి, గోడ పక్కన ఉన్నవాళ్లకు కూడా వినబడేంత మామూలు గొంతుతో అన్నది.

"నిన్న కింద ఎవలున్నరో, వాళ్లే పోవాలె."