తుపాకీకి వేసిన దండ

మా మామను చంపింది పాకిస్తాన్ వాళ్లు కాదు, మదనపల్లె కమిటీవాళ్లు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున గుండ్ల మధ్య తిరిగి, ఒంటి మీద గీత పడకుండా ఇంటికొచ్చిన మనిషి ఆయన. అలాంటి మనిషిని, యాభై ఏళ్ల తర్వాత ఆ యుద్ధాన్ని తలుచుకుందామని కూర్చున్న పెద్దమనుషులు ఒక్క ఫ్లెక్సీతో పైకి పంపేశారు. నాకు కోపం రాదా మరి?

మామ, అంటే మా ఆయన నాన్న, పేరు మునెప్ప. పుంగనూరులో మాతోనే ఉంటాడు. ఆయుధపూజ నాడు మా వీధిలో ఆటోలకు, కుట్టుమిషన్లకు, చివరికి గ్రైండర్లకు కూడా బొట్టు పెట్టి పూలు వేస్తారు. మామ పట్టిన తుపాకీ సైన్యంలోనే ఉండిపోయింది కదా, అందుకని తుపాకీ పట్టుకుని నిలబడిన తన పాత ఫోటోకు ఏటా కుంకుమ పెట్టి దండ వేస్తాడు. బతికున్న మనిషి ఫోటోకు దండేమిటని నేను తగువు పెట్టుకోని ఏడాది లేదు.

"దండ నాకు కాదమ్మా, తుపాకీకి" అంటాడు.

యుద్ధానికి యాభై ఏళ్లు నిండిన ఏడాది, వాడిపోకుండా ఉంటుందని గంధపు దండ తెచ్చి వేశాడు. పండగ అయిపోయినా అది అలాగే ఉండిపోయింది. పక్కనే చనిపోయిన మా అత్త ఫోటో, దానికీ దండే.

ఆ ఏడే వానలకు టమాట ధర కొండెక్కింది. మేమంతా చారులో చింతపండుతోనే సరిపెట్టుకుంటున్న రోజుల్లో, టమాట మండీ గోవిందస్వామి అధ్యక్షుడిగా మదనపల్లెలో విజయ స్వర్ణోత్సవ కమిటీ పుట్టింది. చుట్టుపక్కల సైనికుల ఫోటోలు సేకరిస్తూ ఆయన ఒక ఉదయం మా ఇంటికి వచ్చాడు. మామ నడకకు వెళ్లాడు. నేను సచివాలయం డ్యూటీకి ఆలస్యమై చెప్పులు వేసుకుంటున్నాను.

"ఫోటో ఆడుండాది, తీసుకోండన్నా" అన్నాను.

ఆయన గోడ ముందు నిలబడి, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. ఫోన్‌లో ఫోటో తీసుకుంటూ, "గొప్ప మనిషమ్మా" అని నిట్టూర్చాడు. నేను మురిసిపోయాను. మా వైపు ఎవరూ ముఖం మీద "ఎప్పుడు పోయాడు?" అని అడగరు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఉత్సవం డిసెంబరు పదహారున. రెండు రోజుల ముందే మదనపల్లె కూడలిలో ఫ్లెక్సీ లేచింది. పైన "అమరవీరులకు జోహార్లు", కింద వరసగా ఫోటోలు, మధ్యలో మా మామ, ముందు ఒక దీపం బొమ్మ. మధ్యాహ్నానికల్లా అది వాట్సాప్‌లో ఊళ్లన్నీ తిరిగింది. మొదటి ఫోను రామసముద్రం నుంచి వచ్చింది, మామే ఎత్తాడు.

"మునెప్ప యెప్పుడు పోయినాడప్పా?"

"నేనే మాట్లాడతాండాను, సెప్పు."

అవతల ఫోను కింద పడిన చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. సంగతి తెలిశాక నేను గోవిందస్వామికి ఫోన్ చేసి, నోటికొచ్చినంతా అన్నాను. పాపం, ఆయన ఏడుపు ఒక్కటే తక్కువ.

"తప్పయిపోయిందమ్మా! దండ సూసి మోసపోతిని. ఇప్పుడే దింపిస్తా."

మామ నా చేతిలో ఫోను లాక్కున్నాడు. "దింపొద్దప్పా గోవిందస్వామీ. పదారో తేదీ దాకా ఉండనీ. నేను బతికుండానని ఎవురికీ సెప్పొద్దు. ఒట్టెయ్యి."

నాకు మతి పోయింది. "యాల మామా? సావుకబురు కోరి పెట్టుకుంటారా ఎవురన్నా?"

"కాకి తన్నింది గదమ్మా నన్ను."

నిజమే, అంతకుముందు వారం మిద్దె మీద ఒక కాకి ఆయన నెత్తి మీద తన్నిపోయింది. కాకి తంతే చావు దోషమని మా వైపు నమ్మకం. దగ్గరి చుట్టాలకు ఉత్తుత్తి చావుకబురు పంపిస్తారు, వాళ్లు నిజమనుకుని ఏడిస్తే ఆ గండం తీరిపోతుందంటారు. నేను ఆ మాట ఎత్తితే, "తుపాకీ గుండ్లకే బయపళ్లేదు, కాకికి బయపడతానా?" అని నవ్విన మనిషి ఈయనే. ఇప్పుడు కాకి గుర్తొచ్చిందట!

అంతలో ఆయన కుర్చీ తీసుకెళ్లి గేటు పక్కన, కుప్పం నుంచి వచ్చే బస్సులు కనపడే వైపు వేసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు.

కుప్పంలో మామ అక్క రామక్క ఉంది. తల్లి పొలం పనులకు పోతే తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆమే. పదేళ్ల క్రితం ఆమె కూతురి పెళ్లికి మగపెళ్లివారు ఆలస్యంగా వచ్చారు. మేనమామ హోదాలో పందిట్లో నిలబడ్డ మామ, పటాలంలో జవాన్లను నిలదీసినట్టు వాళ్లను నిలదీశాడు. వాళ్లు అలిగి వెనక్కి తిరిగారు. రామక్క కాళ్లావేళ్లా పడి వాళ్లను పీటల మీద కూర్చోబెట్టుకుంది. ఆ కోపంలో తమ్ముడితో, "నువ్వు సచ్చినా నీ గడప తొక్కను" అనేసింది. ఈయన "నువ్వు పిల్సినా నేను రాను" అన్నాడు. ఇద్దరిదీ ఒకే రక్తం, ఒకే మొండితనం. ఆ తర్వాత మాటల్లేవు.

"రామక్కత్త వస్తాదేమోనని సూస్తాండావు గదా మామా?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "సచ్చినా రాననింది. వస్తాదో రాదో సచ్చినాక నేను సూడలేను గదమ్మా. ఇప్పుడే సూసుకుంటే పోలా?"

తిట్టబోయినదాన్ని లోపలికి పోయి కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాను.

మర్నాడంతా చుట్టాలు వస్తూనే ఉన్నారు. గేటు దగ్గర ఏడుపు ఎత్తుకోవడం, కుర్చీలో కూర్చున్న శవాన్ని చూసి నాలుక కరుచుకోవడం, అన్నం తిని ఫ్లెక్సీ సంగతి చెప్పుకుని నవ్వుకుంటూ పోవడం. ఒకాయన తెచ్చిన పూలదండను ఏం చేయాలో తెలియక మా గేటుకే తగిలించి వెళ్లాడు. మామ అందరితో నవ్వుతూ మాట్లాడాడు, తను బతికున్న సంగతి కుప్పం చేరనీయొద్దని ఒట్టు వేయించుకున్నాడు, కానీ బస్సు హారన్ వినపడినప్పుడల్లా మాట మధ్యలో ఆగిపోయేవాడు.

కుప్పం బస్సులు వచ్చాయి, పోయాయి. రామక్క రాలేదు.

సాయంత్రం నేను ఉండబట్టలేక, మామకు వినపడకుండా, ఆయన బతికున్న మాట ఎత్తకుండా రామక్క కోడలికి ఫోన్ చేశాను. "ఫోటో సూపిచ్చినాము సుధా. ఒక గడియ సూసింది. లేసి పోయి ఆవులకు గడ్డేసింది. సుక్క కన్నీళ్లు కూడా పెట్టలేదు" అంది. తోడబుట్టిన వాడి కోసం ఒక్క చుక్క లేదా? రాతిగుండె, రాతిగుండె అని పళ్లు నూరుకున్నాను. మామ నా ముఖం చూశాడు. ఆకలిగా లేదని లేచిపోయాడు.

పదహారో తేదీ ఉదయం మామ కోటు వేసుకుని, పతకాలు పెట్టుకున్నాడు. నేనే గుండీ పెట్టాను.

"పోవద్దులే మామా, ఇంట్లోనే ఉందాం" అన్నాను.

"గోవిందస్వామి ఫోన్లో పిల్సినాడు గదమ్మా. పోవాల" అన్నాడు.

మదనపల్లె కూడలిలో బస్సు దిగేసరికి మైకులో దేశభక్తి పాటలు మోగుతున్నాయి. ఫ్లెక్సీ కింద గుంపు మూగి ఉంది. మధ్యలో ఒక ముసలామె. భుజాన గుడ్డసంచి, చేతిలో గోవిందస్వామి మణికట్టు. ఆయన విడిపించుకోవాలని చూస్తున్నాడు గానీ ఆమె పట్టు సడలడం లేదు. తెల్లవారుజామున మొదటి బస్సుకే కుప్పంలో ఎక్కిందట.

"యెవురు సెప్పినారు నీకు మా మునెప్ప సచ్చినాడని? శవాన్ని సూసినావా? కాష్టం కాడికి పోయినావా? నా తమ్ముడికి దండెయ్యడానికి నువ్వెవురు?"

గోవిందస్వామి ఒట్టు వేసి ఉన్నాడాయె. చెప్పలేడు, ఊరుకోలేడు. డిసెంబరు చలిలో ఆ మనిషికి చెమటలు. మమ్మల్ని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "అమ్మా, అదో సూడు!" అన్నాడు.

రామక్క తిరిగి చూసింది. గోవిందస్వామి చెయ్యి వదిలేసింది. ఆమే నడిచి వచ్చి, తమ్ముణ్ని బూట్ల నుంచి తలదాకా చూసి, చెంప మీద ఒక్కటి ఇచ్చింది. డెబ్బై దాటిన మనిషిని, కోటు మీద పతకాలున్న మనిషిని, ఊరంతా చూస్తుండగా! నేను అడ్డం పోబోయాను. మామ చేత్తో ఆపాడు.

"నేను పోయినానని తెల్సినా ఏడ్సనే లేదంట గదక్కా నువ్వు" అన్నాడు. నేను చెప్పకుండానే ఆయనకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. గొంతులో నిష్ఠూరం లేదు, బాధ ఒక్కటే ఉంది.

"యాల ఏడ్సాల?" అంది రామక్క. "నువ్వు యుద్ధానికి పోయినప్పుడు నీ జాబులు రాకుండా నిల్సిపాయ. లీవుకొచ్చిన వాడొకడు నువ్వు సచ్చినావని ఊళ్లో సెప్పినాడు. అమ్మ నేలబడి ఏడ్సె. ఊరంతా ఏడ్సె. నేను ఏడిస్తే అది నిజమైపోతాదని కొంగు నోట్లో కుక్కుకున్నా. తిరిగొస్తివి. మొన్న ఫోటో సూపిచ్చినప్పుడూ అదే జేసినా. నా ఏడుపు నాకాడనే పెట్టుకున్నానురా."

ఊళ్లో అందరూ తనకోసం ఏడ్చి ఊరుకున్నారని, ఒక్క అక్క మాత్రం ఏడవకుండా తనను బతికించుకుందని మామకు యాభై ఏళ్లుగా ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ ఆ మాట ఇంట్లో ఎత్తనిచ్చేది కాదట.

"మల్ల ఇప్పుడు?" అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో.

"ఇప్పుడు కండ్లారా సూసినా గదరా" అంది. అని, అక్కడే, ఫ్లెక్సీ గుంజ పట్టుకుని కింద కూలబడి, గొంతెత్తి ఏడ్చింది.

అలాంటి ఏడుపు నేను చావింట్లో కూడా వినలేదు. రాతిగుండె అన్న నా నోటిని నేనే తిట్టుకుంటూ ఆమె సంచి పట్టుకుని నిలబడ్డాను. గోవిందస్వామి పరుగెత్తుకెళ్లి మైకు ఆపించాడు. స్టేజీ మీద అతిథులు, పూలదండలు, ఏర్పాట్లు అన్నీ ఎదురుచూస్తున్నాయి, అయినా ఎవరూ మామను పిలవలేదు. ఆయన ఆ కోటుతోనే రోడ్డు దుమ్ములో అక్క పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరుకోమని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.