నలభై నాలుగు మిల్లీమీటర్ల మొక్కు

నేను ఒక చేతి గడియారాన్ని. మామూలు గడియారాన్ని కాను, సముద్రంలో మునిగేవాళ్ళ కోసం చేసినదాన్ని. మూడు వందల మీటర్ల లోతు వరకు చుక్క నీరు కూడా నాలోకి రాదని నా ముఖం మీదే రాసి ఉంటుంది. నేను పుట్టింది స్విట్జర్లాండులో. ఆ దేశానికి సముద్రం లేదు. సముద్రం లేనివాళ్ళు సముద్రపు గడియారం ఎందుకు చేస్తారని మీరు అడగవచ్చు. నన్ను కొన్నాయన సంగతి వింటే ఆ ప్రశ్న మళ్ళీ అడగరు.

నా కొలతలు ముందే చెప్పేస్తాను. నా బతుకంతా వాటి చుట్టూనే తిరిగింది. వెడల్పు నలభై నాలుగు మిల్లీమీటర్లు. మందం పదిహేను. స్టీలు పట్టీతో కలిపి బరువు రెండు వందల గ్రాములు. అద్దం చుట్టూ పళ్ళ అంచున్న చక్రం ఒకటి ఉంది. కిటకిటమంటూ ఒకవైపే తిరుగుతుంది. నీళ్ళలోకి దిగినవాడు తన సిలిండరులో గాలి ఇంకా ఎంతసేపు వస్తుందో దానితో చూసుకోవాలి. పట్టీ కొక్కెంలో ఒక మడత దాగి ఉంటుంది. రబ్బరు దుస్తుల మీద కట్టుకోవలసి వచ్చినప్పుడు ఆ మడత విప్పితే పట్టీ ఒక అంగుళం పెరుగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

హైదరాబాదు షోరూములో నన్నూ నా చెల్లెల్నీ ఒకే పళ్ళెంలో పెట్టారు. అదే ముఖం, అదే యంత్రం. దాని వెడల్పు మాత్రం నలభై, నాకంటే పలచన, బరువూ తక్కువ. మమ్మల్ని చూడవచ్చిన పెద్దమనిషి భీమవరంలో రొయ్యల చెరువులున్న రామభద్రరాజుగారు. ఆయన మణికట్టు చుట్టుకొలత ఆరుంబావు అంగుళాలు. నన్ను పెట్టి చూస్తే పట్టీ తగిలించే నా నాలుగు కొమ్ములూ చెయ్యి దాటి ఇటూ అటూ పొడుచుకొచ్చాయి.

"సార్, మీ చేతికి నలభై బాగుంటుంది. రోజంతా పెట్టుకున్నా హాయిగా ఉంటుంది," అంది అమ్మే అమ్మాయి.

రాజుగారు ఫోను తీశారు. అవతల ఆయన బావమరిది గోపాలరాజుగారు.

"గోపాలరాజుగారూ, మీ వాచీ ఎన్ని మిల్లీమీటర్లండీ?"

"నలభై అండి బావగారూ. ఏంటండీ?"

"ఏం లేదండీ. ఊరికే." ఫోను జేబులో పెట్టుకుని ఆయన నా వైపు వేలు చూపించారు. నా చెల్లెలు పళ్ళెంలోనే ఉండిపోయింది.

గోపాలరాజుగారికి కట్టెదుంగ లాంటి చెయ్యి, దాని మీద చిన్న గడియారం. మా రాజుగారికి పుల్ల లాంటి చెయ్యి, దాని మీద నేను. ఏ చేతికి ఏది తగునో మనుషులు చేతిని చూసి తేల్చుకోరని నాకు అప్పుడే తెలిసింది. పక్కవాడి చేతిని చూస్తారు.

ఆ నెలలోనే ఒక పెళ్ళి భోజనాల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. విస్తళ్ళు వేసేలోపే రెండు ఎడమచేతులూ బల్ల మీదికొచ్చాయి.

"పెద్దదండి బావగారూ," అన్నారు గోపాలరాజుగారు. "బరువుగా ఉండదాండీ?"

"బరువుంటేనే గదండీ వస్తువు."

"నాదైతే తేలిగ్గా ఉంటదండి. ఆయ్, పెట్టుకున్నట్టే ఉండదు."

"పెట్టుకున్నట్టు లేకపోతే మరి పెట్టుకోవడం ఎందుకండీ?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ గర్వపడ్డాను. ఆ తరువాత సాంబారు వడ్డించేటప్పుడు రాజుగారు చెయ్యి ఎత్తారు. నేను నా బరువుకు గిర్రున తిరిగి మణికట్టు కిందికి జారి, పట్టీ సందులో నాలుగు వెంట్రుకలు పీకాను. ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. భీమవరం ఎండకు మధ్యాహ్నానికి ఆయన చెయ్యి ఉబ్బి పట్టీ బిగిసేది, సాయంత్రానికి వదులయ్యేది. నా కింద చర్మం ఎర్రగా ఒరిసిపోతే పౌడరు అద్దుకునేవారు. చొక్కా కఫ్ నా మీదికి ఎక్కేది కాదు. ఎడమ కఫ్ అరంగుళం పెంచమని దర్జీ మస్తాన్‌కు చెబితే, అతను కంగారుగా, "చేతికేమైందండి రాజుగారూ? కట్టు కట్టారాండీ?" అని అడిగాడు. పూజలో హారతి తిప్పుతుంటే నేను గంటకు తగిలి, అదనంగా ఇంకో గంట మోగేది. ఆయన భార్య శేషకుమారిగారు కళ్ళు తెరవకుండానే, "చేతికి రుబ్బురోటి పొత్రం కట్టుకున్నట్టుందండీ," అనేవారు.

ఇక నీళ్ళ సంగతి. ఆయనది నీళ్ళ మీద బతుకు. ఎనభై ఎకరాల చెరువులు. ఆ నీళ్ళు చిమ్ముతాయేమోనని గట్టు ఎక్కే ముందే నన్ను విప్పి కర్చీఫులో చుట్టి జేబులో పెట్టుకునేవారు. చెయ్యి కడుక్కున్నా విప్పేవారు. వాన మబ్బు పడితే విప్పేవారు. మూడు వందల మీటర్లు తట్టుకునే నాకు ఆ ఎనిమిదేళ్ళలో మూడు చుక్కలు కూడా తగలలేదు.

మొదటి చుక్క ఆసుపత్రిలో తగిలింది.

శేషకుమారిగారికి గుండెలో కవాటం పాడైంది. విజయవాడలో ఆపరేషను. పొద్దున ఎనిమిదింటికి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. పదకొండు దాటినా ఎవరూ బయటికి రాలేదు. రాజుగారు నా చక్రాన్ని కిటకిటమని తిప్పుతూనే ఉన్నారు. చివరికి వరండా గోడకున్న స్వామి పటం ముందు రెండు చేతులూ ఎత్తి, "తండ్రీ, దాన్ని ఇంటికి పంపించు. కొండకొచ్చి నిలువుదోపిడి ఇచ్చుకుంటాను," అన్నారు. నిలువుదోపిడి అంటే ఒంటి మీద ఉన్న నగా నట్రా మొత్తం నిలుచున్న పళంగా హుండీలో వేసేయడం. ఆ మాట అన్నప్పుడు నేను ఆయన చేతికే ఉన్నాను. పక్కన గోపాలరాజుగారూ ఉన్నారు. రాజుగారి కంటి నుంచి ఒక చుక్క నా అద్దం మీద పడింది. అంత దుఃఖంలోనూ ఆయన వెంటనే కర్చీఫ్ తీసి నన్ను తుడిచారు.

ఆమె ఇంటికి వచ్చారు. మూడు నెలల్లో మునుపటిలా తిరగసాగారు. మొక్కు తీర్చే రోజు దగ్గరపడుతున్న కొద్దీ రాజుగారికి ఒక ధర్మసందేహం మొదలైంది. పురోహితుడు సోమయాజులుగారిని పిలిపించారు.

"పంతులుగారూ, మొక్కుకున్న రోజు ఒంటి మీద ఉన్నవి ఇవ్వాలాండీ, తీర్చే రోజు ఉన్నవి ఇవ్వాలాండీ?"

సోమయాజులుగారు ఒకసారి నన్ను చూశారు, ఒకసారి ఆయన్ని చూశారు. "దాచుకోకుండా ఇవ్వడమే నిలువుదోపిడి అండి రాజుగారూ. ఆ పూట ఏం పెట్టుకొస్తే అది."

రాజుగారికి రెండో మాట మాత్రమే వినిపించింది.

ప్రయాణం రోజు పొద్దున్నే మెడలో గొలుసు బీరువాలోకి వెళ్ళింది. మూడు ఉంగరాల్లో రెండు వెళ్ళాయి. వాటి వెనకే నేనూ వెళ్ళాను. అరలో అడుగున ఒక పాత గడియారం ఉంది. రోజూ తాళం తిప్పుకోవలసిన రకం. ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు, బిళ్ళంత పలచన, తోలు పట్టీ. రాజుగారి నాన్నగారిది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. రాజుగారు దాన్ని తీసి, దులిపి, తాళం తిప్పి పెట్టుకున్నారు. స్వామికి ఇవ్వడానికి దానికంటే పనికిరానిది ఇంట్లో దొరకలేదు.

"గొలుసేదండీ?" అని అడిగారు శేషకుమారిగారు.

"రద్దీగా ఉంటుంది శేషా. దొంగలు."

"స్వామికి ఇవ్వబోయేది దొంగలు ఎత్తుకుపోతారనా?"

ఆయన చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డారు. ఆమె బీరువా తెరిచారు. తన నగలన్నీ పెట్టుకున్నారు. తరువాత నన్ను తీశారు. గాజులకు పైన, మణికట్టు దాటి ముంజేతి మీదికి నన్ను ఎక్కించబోతే పట్టీ చాల్లేదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని కొక్కెం అటూ ఇటూ తిప్పి చూశారు. గోటితో ఎక్కడో నొక్కారు. ఎనిమిదేళ్ళుగా ఎవరికీ తెలియని ఆ మడత విచ్చుకుంది. పట్టీ ఒక అంగుళం పెరిగింది. పైట కొంగు మీదికి లాక్కుని ఆమె బయల్దేరారు.

కొండ మీద క్యూలో ఏడు గంటలు పట్టింది. గదిలో కూర్చోబెట్టారు, లేపారు, మళ్ళీ కూర్చోబెట్టారు. ఆమె ఒక్కొక్క నామం అనుకుంటూ కొంగు కింద నా చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున తిప్పుతున్నారు. నా చక్రానికి నూట ఇరవై పళ్ళు. నూట ఎనిమిది కాగానే ఆమె ఆగి దండం పెట్టుకునేవారు. మిగిలిన పన్నెండూ గబగబా తిప్పేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. గాలి ఎప్పుడు అయిపోతుందో చూడ్డానికి చేసిన చక్రానికి ఇంత గౌరవమైన పని ఇదివరకెప్పుడూ దొరకలేదు.

ఆ కిటకిట రాజుగారి చెవిన పడింది. ఆ చప్పుడు ఆయనకు తెలియనిదా?

"శేషా, ఏంటది?" అన్నారు గొంతు తగ్గించి.

"నామాలు లెక్కపెట్టుకుంటున్నానండీ."

"దేంతో?"

ఆమె కొంగు కొద్దిగా తొలగించి చూపించారు. ఆయన చుట్టూ చూసి, "అది ఇంట్లో ఉండాలి కదా! డాక్టరు నిన్ను బరువులు మొయ్యొద్దన్నాడు," అన్నారు.

"ఎనిమిదేళ్ళు మీరు మోశారు. ఒక పూట నేను మొయ్యలేనా?"

"మొక్కు నాది శేషా. నీకెందుకు?"

"మొక్కు మీదేనండి. ప్రాణం నాది." ఆమె గొంతు పెంచలేదు. "ఆ రోజు మీ చేతికి ఇదే ఉందట. తమ్ముడు చెప్పాడు. మీకు ఇవ్వబుద్ధి కాకపోతే మానెయ్యండి, నేనేం అనను. నా ఒంటి మీద ఉన్నది నేను ఇచ్చుకుంటాను."

ముందు వరుసలో ఒక ముసలావిడ వెనక్కి తిరిగి ఇద్దర్నీ చూసి, "గోవిందా" అంది. రాజుగారు తల వంచుకున్నారు. వంచుకున్న తలకు ఎదురుగా నాన్నగారి గడియారం ఉంది. అక్కణ్ణుంచి ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు. చెయ్యి ఎత్తారు, దించారు. అది జారలేదు, తిరగలేదు, వెంట్రుక పీకలేదు. కఫ్ దాని మీదికి నున్నగా వచ్చి కూర్చుంది. నాలుగో గంటకు ఆయన బొటనవేలితో దాని అద్దాన్ని నిమురుతున్నారు. "నాన్నగారు చెరువు గట్టు మీద టైము చూసి భోజనానికి కేకేసేవారు శేషా," అన్నారు ఒకసారి. ఆమె, "ఊఁ" అని నామాలలో పడ్డారు.

దర్శనం రెప్పపాటులో అయిపోయింది. హుండీ దగ్గర తోపులాట. శేషకుమారిగారు గాజులు, గొలుసు, దుద్దులు ఒక్కొక్కటిగా వేశారు. మంగళసూత్రాల తాడు కళ్ళకద్దుకుని ఉంచుకున్నారు. చివరికి నన్ను విప్పారు. నేను పడ్డప్పుడు చిల్లర మీద పెద్ద చప్పుడైంది.

ఆమె పక్కకు జరిగి భర్త కోసం చూశారు. రాజుగారు ఉంగరం వేశారు. గడియారం విప్పి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. వెనక నుంచి, "జరగండి, జరగండి" అంటున్నారు.

"అది ఉంచుకోండి," అన్నారు ఆమె. "మామయ్యగారిది. పెద్దది ఇచ్చేశాంగా."

నేను లోపలి నుంచి విన్నాను.

"పొద్దున ఇది పనికిరానిదనే పెట్టుకొచ్చాను శేషా," అన్నారు. "ఇప్పుడు ఇదే నా ఒంటి మీదున్నది."

అది నా పక్కనే పడింది. ఎంత తేలికంటే, పడ్డ చప్పుడు కూడా వినిపించలేదు.

స్వామి మా ఇద్దర్లో దేన్ని మొక్కుగా అందుకున్నాడో నాకు తెలియదు. రాతి చేతులకు కొలత లేదు. ఆయన మమ్మల్ని పెట్టుకుని చూసిందీ లేదు. ఆ పాతది నా పక్కన మర్నాటి దాకా ఆడి, తాళం తిప్పేవాళ్ళు లేక ఆగింది. నేను చెయ్యి కదిలితేనే ఆడేదాన్ని. మూడో రోజున ఆగాను.

తరువాత వేలం కోసం మమ్మల్ని వేరు చేశారు. విదేశీ గడియారాలు ఒక పెట్టెలో, పాతవి ఒక సంచిలో. సంచి ఎవరు పాడుకున్నారో తెలియదు. వేలంలో నన్ను గోపాలరాజుగారు పాడుకుని, నేరుగా భీమవరం తీసుకొచ్చి బావగారి ముందు పెట్టారు.

"మీదేనండి బావగారూ. ప్రసాదం అనుకుని పెట్టుకోండి."

రాజుగారు నన్ను చేతిలోకి తీసుకోలేదు. "ఇచ్చేసినదండి అది. ఆ పాత గడియారాల సంచీ ఎవరు పాడారో ఏమైనా తెలిసిందాండీ?" అని అడిగారు.

తెలియలేదు. గోపాలరాజుగారు నన్ను వారం రోజులు పెట్టుకున్నారు. ఆ దుంగ చేతికి నేను చక్కగా సరిపోయాను. అయినా రొయ్యల మేత బస్తాకు తగిలి నా అంచు గీసుకుపోయిన రోజున ఆయన, "ఆయ్, మా నలభయ్యే నయమండి," అని నన్ను విప్పి అమ్మేశారు.

ఇప్పుడు విజయవాడలో పాత గడియారాలు అమ్మే కొట్లో, గాజు అరలో ఉన్నాను. వచ్చినవాళ్ళు నన్ను పెట్టుకుని, ఫోటో తీసుకుని, ఎవరికో పంపి, జవాబు చూసి తీసేస్తారు. తమ చెయ్యి నొప్పిగా ఉందో లేదో ఎవరూ చెయ్యిని అడగరు. పోయిన నెల రాజుగారు ఇదే వీధిలోకి వచ్చారు, మరో పని మీద. అద్దంలోంచి చూశాను. చేతికి ఏమీ లేదు. మణికట్టు చుట్టూ తెల్లగా ఒక పట్టీ మేర మచ్చ ఉంది, అది నాదే. ఎడమ కఫ్ ఇంకా అరంగుళం వదులుగానే ఉంది. కొట్టువాణ్ణి, "టైమెంతయిందండీ?" అని అడిగి వెళ్ళిపోయారు.

నన్ను ఎవరు పెట్టుకున్నా పట్టీ వదులుగా ఉందంటారు. కొట్టువాడు రెండు ముక్కలు తీసేశాడు. అయినా వదులే. కొక్కెంలో శేషకుమారిగారు తెరిచిన మడత అలాగే తెరుచుకుని ఉంది. దాన్ని మూయడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. నేనూ చెప్పలేదు.