ముందు గుడి ఉంది

నేను ఒక రేకు బోర్డును. నా పుట్టుక గొప్పదేం కాదులెండి. రోడ్డు పక్క హోటల్లో స్నానాలగదికి తలుపుగా పన్నెండేళ్లు ఉన్నాను. ఎంతమంది పాటలు విన్నానో చెప్పబోతే మీకు పొద్దుపోతుంది. హోటలు కూల్చినప్పుడు సన్యాసిరావు మాస్టారు నన్ను అడిగి బడికి తెచ్చుకున్నారు.

ఆ బడికీ ఊరికీ మధ్య పెద్ద రోడ్డు. దాని మీద లారీలు వెనక పులి తరుముతున్నట్టు పోతాయి. పొద్దునా సాయంత్రమూ ముప్పై ఇద్దరు పిల్లల్ని తాడు పట్టించి దాటించడం ఆయా అప్పలనరసమ్మ పని. ముప్పై ఒక్కమంది మాట వింటారు. ఒకటో తరగతి గౌరి మాత్రం నడిరోడ్డు మీద వంగి, లారీల నుంచి రాలిన నట్లు ఏరుకుంటుంది. ఆ పిల్ల అవతలి గట్టు ఎక్కేదాకా అప్పలనరసమ్మ ఊపిరి గొంతులోనే ఉంటుంది.

అందుకని నా మీద "ముందు బడి ఉంది, నెమ్మదిగా వెళ్ళండి" అని రాయమని మాస్టారు పెయింటరు పైడిరాజుకి చెప్పారు. పైడిరాజు ముప్పై ఏళ్లుగా గుళ్లకే బోర్డులు రాసినవాడు. చెయ్యి తనకు తెలిసిన దారినే పోయింది. "ముందు గుడి ఉంది" అని రాసేశాడు. మాస్టారు ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచారు. "అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయోయ్" అని మెచ్చుకుని నన్ను రోడ్డు పక్కన పాతించారు.

ఇక చూడండి చోద్యం. నన్ను చూడగానే లారీలు నత్తలైపోయాయి. డ్రైవర్లు ఒక చెయ్యి స్టీరింగు మీదుంచి రెండోది కళ్లకద్దుకునేవారు. ఒక బస్సు డ్రైవరైతే చెప్పులు విడిచి బ్రేకు తొక్కాడు. పసిపిల్లల దగ్గర లేని తీరిక మనుషులకు దేవుడి దగ్గర ఎలా వస్తుందో, రేకుని, నాకేం తెలుస్తుంది?

ఒకనాడు ఒక లారీ డ్రైవరు కొబ్బరికాయతో దిగాడు. "గుడెక్కడండమ్మా?"

"అదిగో బాబూ, నీ ఎదరే దాటతంది," అంది అప్పలనరసమ్మ. "ముప్పై రెండు ఇగ్రహాలు. ఒకటి వొంగి నట్లేరతంది, సూడు."

అతను నవ్వలేదు. పిల్లలు దాటాక కాయ కొట్టి తలా ఒక ముక్క పెట్టి పోయాడు.

ఇంతలో రోడ్ల ఇంజనీరుగారు జీపులో వచ్చారు. "ఇక్కడ గుడి లేదు. ఇది తప్పుడు సమాచారం" అన్నారు. పైడిరాజు సిగ్గుపడి 'గు' చెరిపి 'బ' రాశాడు. ఒక్క అక్షరం మారిందో లేదో, నత్తలన్నీ మళ్లీ లారీలైపోయాయి. ఆ సాయంత్రం గౌరి నట్టు కోసం వంగింది. దూసుకొచ్చిన లారీ కొక్కెం ఆ పిల్ల భుజం మీది సంచిని తగిలించుకుని పోయింది. పిల్ల మిగిలింది. అప్పలనరసమ్మ ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూలబడింది.

మర్నాడు పొద్దున్నే చెంబుడు పసుపు కలిపి నాకు పూసింది. కుంకుమ బొట్లు పెట్టింది, వేపమండలు కట్టింది. చదువు రాదు కనుక ఏ అక్షరం మీద పూస్తోందో ఆమెకు తెలియదు. 'బడి' అన్న మాటొక్కటే పసుపులోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. మాస్టారు ఈసారి కళ్లజోడుతోనే వచ్చి చూశారు. వెనక్కి వెళ్లి పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకున్నారు.

లారీలు మళ్లీ నెమ్మదించాయి. నాలుగో రోజు ఇంజనీరుగారు, రోడ్డు బోర్డుకి పసుపు పూయకూడదంటూ, నన్ను పీకించడానికి ఇద్దరు కూలీలతో దిగారు. కూలీలు నన్ను చూసి గునపాలు కింద పెట్టి, చెప్పులు విడిచారు.

"ఏ అమ్మవారు?" అన్నారాయన, గొంతు తగ్గించి.

"సదువుకున్నోరు, నన్నడుగుతారేటి బాబూ? రాసుంది గదా. బడమ్మ," అంది తాడుతో గట్టు మీద నిలబడ్డ అప్పలనరసమ్మ.

ఆయన వంగి, పసుపులోంచి కనిపిస్తున్న 'బడి'ని చదివారు. ఫైలు తీసి "బడమ్మవారి స్థలం, కదపరాదు" అని రాసుకున్నారు. తర్వాత బూట్లు విప్పి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. "తల్లీ, మా అమ్మాయికి ఇంజనీరింగులో సీటు..."

అప్పుడే బడి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ గట్టు దాకా వచ్చేశారు.

"అడ్డు లెగండి బాబూ," అంది అప్పలనరసమ్మ. "ముందు ఈ పిల్లగుంటల్ని దాటనీండి. మొక్కులు తరవాత."

ఇంజనీరుగారు కళ్లు తెరిచారు. వట్టి కాళ్లతోనే రోడ్డు మధ్యకు వెళ్లి, వస్తున్న లారీకి ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడ్డారు.